డబ్బాలో ఆ ఘాటు నీళ్లు ఏమిటి? ఫార్మలిన్, దాని చోటు కోసం పోటీ పడుతున్న ద్రావణాలు

మా చిన్నాయనది ఆదోని. మెడ పక్కన గడ్డ లేస్తే అక్కడి డాక్టరు చిన్న ముక్క తీసి, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బాలో వేసి, "కర్నూలు ల్యాబుకు మీరే తీసుకుపోండి, మూత మాత్రం తియ్యొద్దు" అని చేతికిచ్చాడు. బస్సు కుదుపులకు మూత వదులైంది. ఎమ్మిగనూరు దాటేసరికి ముందు సీట్లో ఆమె వెనక్కి తిరిగి, "ఏముందన్నా ఆ సంచిలో, కండ్లు మండిపోతాండాయి" అందట. చిన్నాయన డబ్బాను టవల్లో చుట్టి, కిటికీ పక్కకు జరిగి, కర్నూలు వచ్చేదాకా అట్లే పట్టుకుని కూర్చున్నాడు.

ల్యాబులో ఇచ్చేసి మా ఇంటికొచ్చాక ఆయన మొదట అడిగింది గడ్డ గురించి కాదు. "టీవీలో చేపలకు కలుపుతారని చూపించినారే, ఆ మందేనా ఇది?"

ఆ మందే. 2018 జూలైలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన చేపల్లో ఫార్మలిన్ ఉందంటూ అస్సాం ప్రభుత్వం కొన్నాళ్లు వాటిని రానివ్వలేదు. ఆ గొడవతోనే చాలామందికి ఈ పేరు తెలిసింది. చేపలో ఉంటే విషం, బయాప్సీ డబ్బాలో ఉంటే తప్పనిసరి. మరి ఇంత ఘాటైనది, క్యాన్సర్ తెస్తుందని తేలినది, ల్యాబుల్లో నూట ముప్పై ఏళ్లుగా ఎందుకు పాతుకుపోయింది? తేనె, బెల్లం పాకం, ఆల్కహాల్, గ్లయాక్సాల్ లాంటివి దాని బదులు వాడొచ్చని అప్పుడప్పుడూ వార్తలు వస్తుంటాయి, వాటిలో నిజమెంత? నేను డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. ఉల్లి వేళ్ల దగ్గర నేర్చుకున్నది, ల్యాబుల్లో పనిచేసే స్నేహితుల దగ్గర విన్నది, చదివినది కలిపి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

బయటికి తీసిన కణం ఎంతసేపు ఆగుతుంది

ఒంట్లోంచి తీసిన మరుక్షణం కణానికి రక్తం అందదు, ప్రాణవాయువు అందదు. కానీ కణం లోపలి ఎంజైములు పని మానవు. అవి తమ కణాన్నే అరిగించడం మొదలుపెడతాయి. ఆ వెనకే బాక్టీరియా వస్తుంది. మూడోది ఎండిపోవడం. మే నెలలో కర్నూలులో 43, 44 డిగ్రీల ఎండలో గాజుపలక మీద పల్చగా రాసిన కణాలు ఎండటానికి నిమిషం కూడా అక్కర్లేదు, ఫ్యాను కింద పెడితే క్షణాలే.

ఈ మూడింటినీ ఒకేసారి ఆపి, కణాన్ని ఉన్నది ఉన్నట్టుగా నిలబెట్టే ద్రావణమే ఫిక్సేటివ్. తెలుగులో స్థిరీకరణి అనొచ్చు, కానీ ల్యాబులో ఎవరూ అనరు. ముక్కను వేయడాన్ని 'ఫిక్స్ చేయడం' అంటారు, అంతే.

ఇక్కడ ఒక తికమక ఉంది. ఫిక్స్ చేయడం వేరు, నిల్వ ఉంచడం వేరు. ఫ్రిజ్‌లో పెడితే కుళ్లడం నెమ్మదిస్తుంది, ఆగదు. సెలైన్ నీళ్లలో వేస్తే ముక్క తడిగా ఉంటుంది, లోపల అరుగుదల మాత్రం సాగుతూనే ఉంటుంది. అయినా బయాప్సీ ముక్కలు సెలైన్లో వేసి పంపడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. సాయంత్రం తీసింది మర్నాడు ల్యాబుకు చేరేసరికి కణాల గీతలన్నీ చెదిరి, చూసే డాక్టరు "మళ్లీ తీయించండి" అని రాయాల్సి వస్తుంది. రోగికి ఇంకోసారి సూది, ఇంకోసారి ఖర్చు, ఇంకో వారం టెన్షన్.

గుడ్డు ఉడకడం, గుడ్డకు కుట్లు పడటం

ఫిక్సేటివ్‌లు వందల రకాలున్నా అవి పనిచేసే దారులు ముఖ్యంగా రెండే.

మొదటిది గడ్డకట్టించడం. గుడ్డు తెల్లసొన మీద కాస్త స్పిరిట్ పోసి చూడండి. పొయ్యి మీద పెట్టకుండానే తెల్లగా ఉడికినట్టు అవుతుంది. ఆల్కహాల్ ప్రోటీన్ల చుట్టూ ఉన్న నీటిని లాగేస్తుంది, మడతలు విప్పేస్తుంది, అవి ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కడతాయి. ఇథనాల్, మిథనాల్, ఎసిటోన్ ఈ జాతివే. వేడి కూడా ఇదే పని చేస్తుంది. టీబీ పరీక్షకు కఫం రాసిన స్లైడును మంట మీద నుంచి అలా అలా తిప్పేది ఇందుకే.

రెండోది కుట్లు వేయడం. ఫార్మాల్డిహైడ్ అణువు చాలా చిన్నది. అది ఒక ప్రోటీన్‌ను పట్టుకుని, పక్కనున్న ఇంకో ప్రోటీన్‌కు ఒకే ఒక కార్బన్‌తో వంతెన వేస్తుంది. ఇలాంటి వంతెనలు లక్షల్లో పడితే కణం మొత్తం కుట్లు వేసిన గుడ్డలా ఎక్కడిదక్కడ బిగుసుకుంటుంది. మడతలు పెద్దగా విడిపోవు, నీరూ అంతగా పోదు. గ్లూటరాల్డిహైడ్ అణువుకు రెండు చేతులుంటాయి కాబట్టి ఇంకా గట్టిగా కుడుతుంది. తోళ్లను పదునుచేసే పరిశ్రమలోనూ దాన్ని వాడేది అందుకే. 1963లో సబటీని, బెన్ష్, బార్నెట్ అనే శాస్త్రవేత్తలు దాన్ని కణాలకు వాడి చూపించాక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మల తీరే మారిపోయింది.

ఈ రెండు దారుల తేడా గుర్తుంటే మిగతా గొడవంతా సగం అర్థమైనట్టే. గడ్డకట్టించేవి కొవ్వును కరిగించేస్తాయి, కణాన్ని కుంచింపజేస్తాయి, కానీ డీఎన్ఏ, ఆర్ఎన్ఏలను పెద్దగా పాడుచేయవు. కుట్లు వేసేవి ఆకారాన్ని చక్కగా నిలుపుతాయి, కానీ డీఎన్ఏను ముక్కలు చేస్తాయి, ప్రోటీన్ల మీద గుర్తులను కప్పేస్తాయి. అన్నింటినీ కాపాడే ఫిక్సేటివ్ ఇంతవరకూ లేదు. ప్రతిదీ కొంత దాచి కొంత పారేస్తుంది.

పది శాతం అంటే నాలుగు శాతం: ఫార్మలిన్ లెక్కలు

ఫార్మాల్డిహైడ్ అసలు రూపం వాయువు. దాన్ని నీటిలో 37 నుంచి 40 శాతం దాకా కరిగించి, గడ్డకట్టి అడుగున చేరకుండా కాస్త మిథనాల్ కలిపి అమ్మేదే ఫార్మలిన్. ల్యాబులో దీన్ని ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి వాడతారు. అంటే 100 మి.లీ. ఫార్మలిన్‌కు 900 మి.లీ. నీళ్లు. దీనికి పేరు '10 శాతం ఫార్మలిన్'. కానీ అందులో ఉన్న ఫార్మాల్డిహైడ్ ఎంత? 40లో పదోవంతు, అంటే సుమారు 4 శాతం. పరిశోధన ల్యాబుల్లో '4 శాతం పీఎఫ్ఏ' అనేది దాదాపు ఇదే బలం. పారాఫార్మాల్డిహైడ్ (పీఎఫ్ఏ) అనే పొడిని, ఆమ్లగుణం మారకుండా చూసే లవణాల నీటిలో (బఫర్) వేడిచేసి కరిగించి అప్పటికప్పుడు చేస్తారు కాబట్టి అందులో మిథనాల్ ఉండదు, తేడా అంతే. పీహెచ్‌డీ చేసే పిల్లలు కూడా ఈ రెండు శాతాల దగ్గర తడబడటం చూశాను. '4 శాతం ఫార్మలిన్' అని రాస్తే అందులో ఉండేది 1.6 శాతమే. ఆ పలచన ద్రావణంలో కణం సరిగా బిగుసుకోదు.

ఊరికే నీళ్లు కలిపితే ఇంకో చిక్కు. ఫార్మలిన్ నిల్వలో మెల్లగా ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం రక్తంలోని హిమోగ్లోబిన్‌తో కలిసి స్లైడు నిండా గోధుమరంగు పొడి చల్లినట్టు చేస్తుంది. అందుకని ఫాస్ఫేట్ లవణాలు కలిపి పీహెచ్ 7 దగ్గర, అంటే ఆమ్లమూ క్షారమూ కాకుండా, ఉంచుతారు. న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ అనేది అదే.

దీన్ని కనిపెట్టింది కాకతాళీయంగానే. 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే జర్మన్ వైద్యుడు ఫార్మాల్డిహైడ్ సూక్ష్మజీవులను ఎలా చంపుతుందో చూస్తూ, ఆ ద్రావణంతో పనిచేసిన తన వేళ్ల చర్మం గట్టిపడటం గమనించాడు. వేళ్లకు జరిగింది కణజాలానికీ జరుగుతుంది కదా అనుకున్నాడు. అప్పుడు ఆయన వాడిన పలుచన ఒకటికి తొమ్మిదే, ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఇక ముక్కలోకి ఇంకే వేగం. 1941లో పీటర్ మెడవార్ చూపించిన సూత్రం ప్రకారం ద్రావణం చేరే లోతు కాలం వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. తేలిక మాటల్లో, రెట్టింపు లోతుకు నాలుగు రెట్ల సమయం కావాలి. మొదటి గంటలో ఒక మిల్లీమీటరు ఇంకిందనుకుందాం. రెండు మిల్లీమీటర్లకు 4 గంటలు, అయిదుకు 25 గంటలు, పదికి 100 గంటలు. నిమ్మకాయంత గడ్డను కోయకుండా అలాగే డబ్బాలో పడేస్తే దాని నడిబొడ్డు రెండు సెంటీమీటర్ల లోతున ఉంటుంది. ఈ లెక్కన 400 గంటలు, అంటే పదహారు రోజులకు పైమాటే. ఈలోగా మధ్యభాగం దానంతట అదే అరిగిపోతుంది. పైన గట్టిగా, లోపల మెత్తగా, మాగబెట్టిన మామిడికాయలా ఉంటుంది. అందుకే పెద్ద గడ్డలను వెంటనే పలకలుగా కోయాలని, ముక్కకు పదింతలైనా ద్రావణం ఉండాలని ల్యాబు వాళ్లు మొత్తుకునేది. చిన్న డబ్బాలో పెద్ద ముక్కను కుక్కి పంపితే ఫార్మలిన్ ఉన్నా లేనట్టే.

ఇంకడం ఒకటైతే కుట్టడం ఇంకొకటి. నీటిలో చేరిన ఫార్మాల్డిహైడ్‌లో ఎక్కువ భాగం నీటితో కలిసి మిథిలీన్ గ్లైకాల్‌గా ఉంటుంది. అది చొచ్చుకుపోతుంది గానీ కుట్లు వేయదు. కుట్లు వేసే అసలు రూపం చాలా కొద్దిగా, విడతలవారీగా తయారవుతుంది. అందుకే ఒక రోజైనా ఉంచనిదే పని పూర్తికాదు.

ఎందుకు మార్చాలంటున్నారు

మొదటి కారణం మనుషులు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అప్పటికి ముక్కు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్ ఆధారం. 2009లో రక్త క్యాన్సర్‌నూ జతచేసింది. అమెరికా కార్మిక భద్రత నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల పనిలో సగటున గాలిలో 0.75 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో ముప్పావు వంతు), పదిహేను నిమిషాల సగటు 2 పీపీఎం దాటకూడదు. 2025 జనవరిలో అక్కడి పర్యావరణ సంస్థ కూడా ఇది ఆరోగ్యానికి అంగీకరించలేనంత ముప్పు అని తేల్చింది.

ఈ అంకెలు ఎవరికి వర్తిస్తాయో చూడాలి. డబ్బా పట్టుకుని మూడు గంటలు బస్సెక్కిన మా చిన్నాయనకు కాదు. రోజూ ముక్కలు కోసే టేబుల్ దగ్గర నిలబడే టెక్నీషియన్‌కు. కిటికీ తెరిచి ఒక టేబుల్ ఫ్యాను పెట్టుకోవడమే గాలి ఏర్పాటు అయిన చిన్న ల్యాబులు మనకు తెలియనివి కావు. అందులోనూ ముక్కుకు ఆ వాసన కాసేపటికి అలవాటైపోతుంది. "మాకేం తెలియడం లేదు సార్" అంటారు. తెలియకపోవడమే భయం.

రెండో కారణం మైక్రోస్కోపు అవసరాలు మారడం. బ్లూమ్ కాలంలో రంగు వేసి ఆకారం చూస్తే చాలు. ఇప్పుడు ఫలానా ప్రోటీన్ ఉందా లేదా అని, దానికే అతుక్కునే యాంటీబాడీతో వెతకాలి. కుట్లు పడిన ప్రోటీన్ మీద యాంటీబాడీ పట్టుకునే చోటు మూసుకుపోయి ఉంటుంది. దీనికి 1991లో షాన్-రాంగ్ షీ బృందం కనిపెట్టిన ఉపాయం వింటే నవ్వొస్తుంది: స్లైడును మైక్రోవేవ్‌లో ఉడకబెట్టడం. వేడికి కొన్ని కుట్లు ఊడి, చోటు తెరుచుకుంటుంది. కొన్ని ల్యాబుల్లో ఈ పనికి వంటింటి ప్రెషర్ కుక్కరే వాడతారు, విజిళ్లు లెక్కపెడుతూ. డీఎన్ఏ పరీక్షలకు ఈ ఉపాయం అంతగా సాయపడదు. ఫార్మలిన్లో ఉన్న డీఎన్ఏ తునకలవుతుంది, కొన్నిచోట్ల ఒక అక్షరం ఇంకో అక్షరంగా కనబడి, లేని జన్యుమార్పు ఉన్నట్టు భ్రమ పుడుతుంది.

ఆల్కహాల్: కొత్తదనుకునే పాత చుట్టం

ప్రత్యామ్నాయం అనగానే కొత్తగా కనిపెట్టాల్సిందనుకుంటాం. నిజానికి విడి కణాలను చూసే పరీక్షల్లో ఫార్మలిన్ ఎప్పుడూ రాజు కాదు. గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్‌కు జార్జ్ పాపనికోలావ్ మొదట్లో వాడింది ఈథర్, ఆల్కహాల్ సమపాళ్లలో. ఈథర్ మంటకు భయపడి తర్వాత 95 శాతం ఇథనాల్‌కు మారారు. మలేరియాకు రక్తం రాసిన పల్చటి స్మియర్‌కు మిథనాల్. రక్తకణాలకు వేసే లీష్మన్ రంగులోనే మిథనాల్ ఉంటుంది కాబట్టి రంగు వేయడం, ఫిక్స్ చేయడం ఒకేసారి జరిగిపోతాయి.

మలేరియా స్మియర్ దగ్గర ఒక తమాషా ఉంది. అదే స్లైడు మీద మందంగా రాసే రక్తపు బొట్టును మాత్రం అస్సలు ఫిక్స్ చేయకూడదు. ఫిక్స్ చేస్తే ఎర్ర కణాలు నిలబడిపోయి, ఒకదాని మీద ఒకటి పేరుకుని, లోపలి పరాన్నజీవి కనబడదు. నీటిలో ఎర్ర కణాలు పగిలి హిమోగ్లోబిన్ కొట్టుకుపోతేనే అది బయటపడుతుంది. పల్చటి దానికి మిథనాల్ తగిలించేటప్పుడు మందపాటి దానికి తగలకుండా స్లైడును వంచి పట్టుకోవడం టెక్నీషియన్లకు చేత్తో అలవాటైన పని. ఒకే స్లైడు మీద అంగుళం దూరంలో ఒకచోట ఫిక్సేటివ్ కావాలి, ఇంకోచోట వద్దు. ఏం చూడాలన్నదాన్ని బట్టే ఏం వాడాలన్నది.

మన దగ్గర ఇథనాల్‌తో వచ్చే ఇబ్బంది శాస్త్రానిది కాదు, ఎక్సైజ్ శాఖది. తాగే సారాకూ ల్యాబు ఆల్కహాల్‌కూ అణువు ఒకటే కాబట్టి పర్మిట్లు, రిజిస్టర్లు, కోటాలు. చిన్న ల్యాబులు ఆ జోలికి పోకుండా సర్జికల్ దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకుంటాయి. ఇది పనిచేస్తుందా? చేస్తుంది, బలం సరిచేసుకుంటే. 95 శాతం ఇథనాల్‌కు సాటి 100 శాతం మిథనాల్, లేదా 80 శాతం ఐసోప్రొపనాల్ (ఆ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కే ఇంకో పేరు). ఐసోప్రొపనాల్ కణాన్ని ఎక్కువ కుంచింపజేస్తుంది, మిథనాల్ తక్కువ. అందుకే ఒకదాన్ని పలుచన చేసి, ఇంకోదాన్ని చిక్కగా వాడటం. లెక్క: 100 మి.లీ. ద్రావణానికి 80 మి.లీ. ఐసోప్రొపనాల్, 20 మి.లీ. డిస్టిల్డ్ వాటర్. సీసాలో ఉన్నది అలాగే పోసేస్తే కేంద్రకాలు ముడుచుకుని, లేని అనుమానాలు రేపుతాయి.

అసలు శత్రువు ఎండ. పాప్ స్మియర్‌ను తడి ఆరకముందే ఆల్కహాల్లో ముంచాలి. ఆరిపోతే కణం చదునుగా పరుచుకుని, కేంద్రకం ఉబ్బినట్టు, లోపలి గింజలు మసకబారినట్టు కనబడతాయి. కేంద్రకం పెద్దదిగా ఉండటమే క్యాన్సర్ అనుమానానికి ఒక గుర్తు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఒక వేసవి క్యాంపులో సగం స్లైడులు ఇలా పాడయ్యాయని విని, ఆ పని చేసిన కుర్రాణ్ని అడిగితే, "రాసేలోపే ఎండిపోయింటే మేమేం చేసేది సార్" అన్నాడు. నిజమే. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి స్ప్రే ఫిక్సేటివ్: ఆల్కహాల్లో పాలిథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటిది కలిపి, 25, 30 సెంటీమీటర్ల దూరం నుంచి చల్లితే కణాల మీద పల్చటి పొర కడుతుంది, స్లైడును పొడిగానే పెట్టెలో పెట్టుకుని పోవచ్చు. రెండోది ఇంకా చవక. స్లైడును కావాలనే ఎండనిచ్చి, ల్యాబుకు చేరాక కొద్దిసేపు సెలైన్లో నానబెట్టి, అప్పుడు ఆల్కహాల్లో ముంచడం. ముడుచుకున్న కణం మళ్లీ విచ్చుకుంటుంది, పైగా అడ్డొచ్చే ఎర్ర కణాలు పగిలిపోతాయి. ముక్క బయాప్సీకి వద్దన్న సెలైనే ఇక్కడ అక్కరకొస్తోంది. అయితే గంటల తరబడి ఎండిన స్లైడుకు ఈ చిట్కా అంత బాగా పారదు.

కర్నూలు ఉల్లిగడ్డకు ఫార్మలిన్ ఎందుకు పనికిరాదు

ఇది నా సొంత టేబుల్ సంగతి. కణవిభజన చూపించడానికి ప్రతి ఏడూ ఉల్లిగడ్డల కింద నీళ్లు పెట్టి వేళ్లు మొలిపిస్తాం. కర్నూలులో ఉల్లికి కరువేముంది. తెల్లటి వేరు కొనలు కోసి, మూడు వంతుల ఇథనాల్, ఒక వంతు గ్లేసియల్ (నీళ్లు కలపని) ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచుతాం. ఆల్కహాల్ కుంచింపజేస్తుంది, ఎసిటిక్ ఆమ్లం ఉబ్బిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి సరిదిద్దుకుంటాయి. ఎసిటిక్ ఆమ్లం క్రోమోసోములను స్ఫుటంగా నిలుపుతుంది, మైటోకాండ్రియాను మాత్రం నాశనం చేస్తుంది. మనకు కావాల్సింది క్రోమోసోములే కాబట్టి ఫర్వాలేదు.

ఒక ఏడాది ఆల్కహాల్ అయిపోయి, మ్యూజియం కోసం తెచ్చిన ఫార్మలిన్లో వేళ్లు వేశాను. మర్నాడు వేరు కొనను గాజుపలక మీద పెట్టి, పైన కవర్ స్లిప్ ఉంచి బొటనవేలితో నొక్కితే, రోజూ పిండిలా పరుచుకునేది ఆ రోజు రబ్బరు ముక్కలా అలాగే ఉంది. గట్టిగా నొక్కితే కవర్ స్లిప్ పగిలింది. అప్పుడు విసుక్కున్నాను గానీ, కుట్లు పడటం అంటే ఏమిటో అంత బాగా ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. ప్రపంచమంతా నమ్మే ఫిక్సేటివ్ రూపాయి ఖరీదు చేయని ప్రాక్టికల్‌లో బోల్తా పడింది.

తేనె, బెల్లం: వార్తలో ఉన్నంత, ల్యాబులో ఉన్నంత

మన దేశంలోని దంత వైద్య కళాశాలల నుంచి ఈ పరిశోధనలు ఎక్కువగా వచ్చాయి. తేనెను 10, 20 శాతానికి, బెల్లాన్ని 30 శాతం దాకా నీటిలో కలిపి, అందులో కణజాలం ఉంచి ఫార్మలిన్‌తో పోల్చారు. ఒక రోజు తర్వాత మామూలు రంగులతో చూస్తే కేంద్రకాలు, కణాల అంచులు దాదాపు సమానంగా కనబడ్డాయని రాశారు. నోటి లోపలి చెంప కణాల స్మియర్లకు ఇథనాల్ బదులు తేనె వాడి చూసినవాళ్లూ ఉన్నారు.

ఎలా పనిచేస్తుంది? పరిశోధకులు ఇచ్చే వివరణ ఇది: ఆమ్లగుణం ఉన్న ఆ ద్రావణంలో చక్కెరలు విరిగి ఆల్డిహైడ్లుగా మారతాయి, అవి ప్రోటీన్లకు కుట్లు వేస్తాయి. దానికి తోడు చక్కెర నీటిని లాగేసి బాక్టీరియాను ఎదగనివ్వదు. మామిడి తాండ్ర ఎందుకు పాడవదో మనకు తెలుసు కదా. అంటే 'సహజం' అనుకుంటున్న దాని వెనక కూడా పనిచేసేది ఆల్డిహైడే కావచ్చు.

నల్లమల తేనె మీద నాకు ఎంత మమకారమున్నా, ఈ వార్తలను నేను ఆచితూచే చదువుతాను. అధ్యయనాలు చాలావరకు చిన్నవి, కొద్దిపాటి నమూనాలతో, తక్కువ రోజులకు చేసినవి. బెల్లం నీళ్లకు బూజు పట్టడం ఇంట్లో ఎవరికైనా తెలిసినదే, ల్యాబులోనూ పడుతుంది. అన్నింటికన్నా పెద్ద చిక్కు, ఒక తేనె ఇంకో తేనెలా ఉండదు. పువ్వు మారితే, కాలం మారితే, అమ్మేవాడు మారితే మారుతుంది. ఫిక్సేటివ్‌కు ఉండాల్సిన మొదటి గుణం ఈరోజు చేసిన పనే రేపూ చేయడం. కరెంటు, కెమికల్స్ అందని చోట, ఒకటి రెండు రోజుల రవాణాకు పనికొస్తుందేమో అన్నంతవరకు ఒప్పుకోవచ్చు.

గ్లయాక్సాల్: పరిశోధన ల్యాబుల కొత్త ఆశ

గ్లయాక్సాల్ కూడా ఆల్డిహైడే, రెండు కార్బన్లది. ముఖ్యమైన తేడా, నీటిలో కరిగాక అది ఆవిరై ముక్కుకెక్కదు. 2018లో జర్మనీలోని గాటింగెన్‌లో సిల్వియో రిజోలి బృందం, మరికొన్ని ల్యాబులతో కలిసి, దీన్ని నాలుగు శాతం పీఎఫ్ఏతో పోల్చింది. ఆల్కహాల్ కలిపిన ఆమ్ల గ్లయాక్సాల్ కణంలోకి త్వరగా చేరిందని, ప్రోటీన్లను బాగా పట్టి ఉంచిందని, చాలా యాంటీబాడీలు దీనితోనే మెరుగ్గా పట్టుకున్నాయని వాళ్లు చూపించారు. అతి సూక్ష్మ వివరాలు చూసే సూపర్ రిజల్యూషన్ మైక్రోస్కోపుల వాళ్లకు ఇది పెద్ద వార్తే.

ఇక్కడా మెలికలున్నాయి. ఫలితం పీహెచ్ మీద బాగా ఆధారపడుతుంది. ఆమ్లం ఎక్కువైతే ఎర్ర కణాలు పగులుతాయి, రొమ్ము బయాప్సీల్లో డాక్టర్లు వెతికే సున్నపు రేణువులు కరిగిపోతాయి. అందుకని ఆమ్లం తీసేసిన గ్లయాక్సాల్‌ను ఇటలీ పరిశోధకులు తయారుచేశారు. ఇక విషగుణం లేదా అంటే, చర్మానికి అలర్జీ తెస్తుంది, జన్యువులకు హాని చేయవచ్చన్న అనుమానమూ ఉంది. ఘాటు లేకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు.

పరిశోధన ల్యాబుల్లో ఇంకో పాత పద్ధతి, మైనస్ 20 డిగ్రీల మిథనాల్. కణం అస్థిపంజరంలోని ట్యూబులిన్ గొట్టాలకు బాగుంటుంది. అదే కణంలో యాక్టిన్ తీగలను, వాటికి అతుక్కునే ఫాలాయిడిన్‌తో చూద్దామంటే మాత్రం కుదరదు, మిథనాల్ ఆ మడతలను విప్పేసి ఉంటుంది. అసలు రసాయనమే వద్దనుకుంటే చలికి మంచులా గడ్డకట్టించడం. ఆపరేషన్ జరుగుతుండగా నిమిషాల్లో జవాబు కావాల్సిన చోట ఫ్రోజెన్ సెక్షన్ అలాంటిదే, మంచు సూదులు కణాలను చీల్చే బెడద దానికుంది. మంచు గడ్డలు ఏర్పడేంత వ్యవధి కూడా ఇవ్వకుండా నీటిని గాజులా బిగించే పద్ధతికి మూలమైన పనికే 2017లో జాక్ డుబోషే, మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆ యంత్రాల ఖరీదుకు మన జిల్లా ల్యాబులన్నీ కొత్తగా కట్టొచ్చు.

పీఎఫ్ఏ మీద నమ్మకం పూర్తిగా ఉన్నవాళ్లను కలవరపెట్టే సంగతులూ బయటికొచ్చాయి. ఫిక్స్ అయ్యాక కూడా కణపు పొరల్లోని కొన్ని అణువులు కదులుతూనే ఉంటాయని 2010లో తేలింది. బతికున్న కణంలో లేని ప్రోటీన్ బొట్లు పీఎఫ్ఏ వేశాక పుట్టవచ్చని, ఉన్నవి మాయం కావచ్చని 2022లో ఇంకో బృందం చూపించింది. అందుకే వీలైనచోట అదే కణాన్ని బతికుండగా ఒకసారి, ఫిక్స్ చేశాక ఒకసారి చూసి పోల్చుకోవాలన్న వాదన బలపడుతోంది.

ఆసుపత్రులు ఎందుకు కదలవు

మార్చాలనేవాళ్ల వాదనలో న్యాయముంది. టెక్నీషియన్ ఊపిరితిత్తులు ఎవరి సొత్తూ కాదు. కదలనివాళ్లూ మొండిగా ఏమీ లేరు. ముక్కను మైక్రోస్కోపులో చూసి రోగం చెప్పే పాథాలజిస్టు కన్ను శిక్షణ పొందింది ఫార్మలిన్ బొమ్మ మీద. అది కణం అసలు రూపం కాదని, అందరూ ఒప్పుకున్న ఒక వక్రీకరణ అని వాళ్లకూ తెలుసు. కానీ ప్రపంచమంతా అదే వక్రీకరణను చూస్తోంది, పుస్తకాల బొమ్మలూ అవే, ముక్కలను మైనంలో పొదిగి దశాబ్దాలుగా బీరువాల్లో దాచిన బ్లాకులూ అవే. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 అనే ప్రోటీన్ పరీక్షకు అమెరికా మార్గదర్శకాలు ముక్కను 6 నుంచి 72 గంటలు ఫార్మలిన్లో ఉంచాలని చెబుతాయి. ఖరీదైన మందు ఇవ్వాలా వద్దా అన్నది ఆ పరీక్షను బట్టే. ద్రావణం మారితే ప్రతి యాంటీబాడీని మళ్లీ సరిచూసుకోవాలి. ఫార్మలిన్ లీటరు ధర వందల్లో ఉండగా, పేటెంట్ ద్రావణాలకు అంతకు ఎన్నో రెట్లు పెట్టి, పైగా ఈ పరీక్షల భారమంతా మోయగలిగేది ఎవరు?

బదులు వచ్చేవీ అమాయకమైనవేమీ కావు. మిథనాల్ తాగితే కళ్లు పోతాయి. ఆల్కహాల్ డ్రమ్ములు నిప్పుకు దగ్గర చుట్టాలు, కర్నూలు వేసవిలో మరీనూ. నా మటుకు నాకు, జిల్లా స్థాయి ల్యాబుకు ముందు కావాల్సింది ముక్కలు కోసే టేబుల్ మీద గాలి లాగే యంత్రం, ముందే నింపి సీలు వేసిన డబ్బాలు, లీకు కాని మూతలు. విడి కణాల పరీక్షలకు ఆల్కహాల్ ఎలాగూ ఉంది. డీఎన్ఏ పరీక్ష అవసరమని ముందే తెలిసిన ముక్కలో కొంత భాగాన్ని ఆల్కహాల్లోనో, చలిలోనో వేరుగా దాచడం పెద్ద ఖర్చుతో పని కాదు.

చిన్నాయన రిపోర్టు వారానికి వచ్చింది. టీబీ గడ్డ అని తేలింది, మందులు మొదలుపెట్టారు. కానీ మా తమ్ముడికి నమ్మకం కుదరక, హైదరాబాదులో ఇంకో డాక్టరుకు చూపిద్దామన్నాడు. ల్యాబుకు పోయి అడిగితే అగ్గిపెట్టె కన్నా చిన్నదైన ఒక మైనపు బ్లాకు, రెండు స్లైడులు ఇచ్చారు. కర్నూలులో ఫార్మలిన్లో బిగిసిన ముక్కే కాబట్టి అక్కడి రంగులు, అక్కడి కళ్లు దాన్ని అలాగే చదవగలవు. చిన్నాయన బ్లాకును వాసన చూసి, ఏమీ రాకపోయేసరికి అనుమానంగా నావైపు చూసి, చొక్కా జేబులో వేసుకుని రాత్రి బస్సెక్కాడు.